సౌమ్య ఎవరండీ?

2025 ఏప్రిల్‌లో పశ్చిమ బెంగాల్‌లోని కల్యాణిలో ఈస్ట్ బెంగాల్ అమ్మాయిలు ఒడిశా ఎఫ్‌సీని 1-0తో ఓడించి ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచారు. ఆ ఒక్క గోలూ కొట్టింది తెలుగు నేల పిల్ల. పేరు గుగులోత్ సౌమ్య, నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన అమ్మాయి. మరుసటి నెలలోనే అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆ ఏటి ఉత్తమ క్రీడాకారిణి అవార్డు ఆమెకే ఇచ్చింది. దేశం మొత్తం మీద ఒక్కరికి దక్కే అవార్డు అది. మా కోనసీమలో, రావులపాలెం సెంటర్లో ఎవరినైనా ఆపి సౌమ్య ఎవరని అడగండి. "ఏ సీరియల్లో అండీ?" అంటారు.

వాళ్ళనేం అంటాం? చెప్పినవాడు ఉంటేగా! ఏప్రిలంటే ఐపీఎల్. ఏ బౌలర్‌కి తొడకండరం పట్టేసిందో, ఎవరు జుట్టు ఎలా కత్తిరించుకున్నారో చెప్పడానికి జాగా ఉన్న పేజీలో లీగ్ గెలిపించిన అమ్మాయికి నాలుగు వాక్యాలు దొరకడమే గగనం.

ఈ ఆటలో అమ్మాయిల బతుకు ఎలా నడుస్తుందో చూడండి. సౌమ్య గోకులం కేరళకు ఆడింది. 2022లో లీగ్ గెలిచిన ఆ క్లబ్బు ఆగస్టులో ఆసియా క్లబ్ పోటీలకు తాష్కెంట్ వెళ్ళింది. విమానం దిగేసరికి ఫిఫా మన సమాఖ్యని సస్పెండ్ చేసింది. ఢిల్లీలో పెద్దమనుషుల కుర్చీల గొడవకి అమ్మాయిలు తాష్కెంట్ హోటల్లో కూర్చున్నారు. ప్రధానికి మొరపెట్టుకున్నారు. ఆగస్టు 26న సస్పెన్షన్ ఎత్తేసే వేళకి పోటీ చేజారిపోయింది. ఆడకుండానే వెనక్కి వచ్చారు. దీనికి ఎవరి ఉద్యోగమైనా పోయిందా? ఎవరైనా తలదించుకున్నారా? అదే ఏడు సౌమ్య, జ్యోతి చౌహాన్ ఇద్దరూ క్రొయేషియా వెళ్ళి డైనమో జాగ్రెబ్ చొక్కా తొడిగారు. అంతకు రెండేళ్ళ ముందు మణిపూర్ స్ట్రైకర్ బాలాదేవి గ్లాస్గో రేంజర్స్‌తో ఒప్పందం కుదుర్చుకుంది. యూరప్‌వాళ్ళ కళ్ళకు ఆనిన పిల్లలు మన కళ్ళకే ఆనలేదు.

ఇక డబ్బు సంగతి. పెద్ద క్లబ్బులు కనీసం పదిమంది భారతీయ క్రీడాకారిణులకు ఏడాదికి 3.2 లక్షల రూపాయలకు తగ్గకుండా ఒప్పందం రాయాలని 2023లో సమాఖ్య నిర్ణయించింది. అదో పెద్ద సంస్కరణ అని చప్పట్లు కొట్టుకున్నారు. భారత జట్టుకి ఆడే మహిళా క్రికెటర్‌కి ఒక్క అంతర్జాతీయ టీ20 మ్యాచ్ ఫీజు 3 లక్షలు. వాళ్ళది ఎక్కువని నేననడం లేదు, వాళ్ళూ ఎన్నో ఏళ్ళు కొట్లాడి తెచ్చుకున్నారు. కానీ ఒక సాయంత్రపు ఆటకీ ఒక ఏడాది బతుకుకీ మధ్య తేడా ఇరవై వేలేనా? పైగా సౌమ్య గెలిచిన ఆ సీజన్లో ఉన్నవి 8 జట్లు, ఒక్కో జట్టుకి 14 మ్యాచ్‌లు. జనవరిలో మొదలై ఏప్రిల్‌కల్లా అయిపోయింది. గోల్ కొట్టడం స్ట్రైకర్‌కి ఆడగా ఆడగా అబ్బే విద్య. ఏడాదికి పద్నాలుగుసార్లు బరిలోకి దింపి గోల్స్ ఏవమ్మా అని నిలదీస్తాం.

అయినా 2025 జులైలో థాయ్‌లాండ్‌ని వాళ్ళ గడ్డమీదే 2-1తో ఓడించి, మన అమ్మాయిలు తొలిసారిగా క్వాలిఫయింగ్ పోటీలు గెలిచి మరీ ఆసియా కప్‌కి అర్హత సాధించారు. ఆ రాత్రి మన ఊళ్ళో ఒక్క టపాకాయ పేలిందా?

లీగ్‌లో ఆడిన ఆ ఎనిమిది జట్లలో తెలుగు రాష్ట్రాలది ఒక్కటీ లేదు. కోచ్ రహీమ్ చేతికింద భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చిందని, ఆ జట్టులో హైదరాబాదీలు ఎందరో ఉన్నారని చెప్పుకు మురుస్తాం. ఆ గొప్ప చెప్పుకునే నోటికి ఈ అమ్మాయి పేరు పలకడం రాదు.

మాది పేద ప్రాంతమండీ అని మాత్రం ఎవరూ నాతో అనకండి. రావులపాలెం అరటి మార్కెట్ యార్డు నుంచి రోజూ ఎన్ని లారీలు కదులుతాయో అందరికీ తెలుసు. కొబ్బరి ఉంది, చేపల చెరువులున్నాయి, గల్ఫ్ డబ్బుంది. సంక్రాంతి వస్తే కోర్టులు వద్దన్నా కోడిపందేల బరులు లేస్తాయి. గ్యాలరీలు, ఎల్‌ఈడీ తెరలు, రాత్రిని పగలు చేసే ఫ్లడ్‌లైట్లు. పుంజుకి బాదంపప్పు. డేగా, కాకా, నెమలా అని ఆమడ దూరం నుంచి రంగు చూసి చెప్పగల పండితులు మనవాళ్ళు. మూడు రోజులు బతకని కోడికి ఉన్న పేరూ, తిండీ, వెలుగూ ఆడపిల్లకి ఎందుకు లేవు?

ఈ చుట్టుపక్కల బడుల్లో అమ్మాయిల ఫుట్‌బాల్ అంటే ఏమిటో తెలుసా? పోటీలకి వారం ముందు పీఈటీ మాస్టారు కబడ్డీ పిల్లల్ని, ఖోఖో పిల్లల్ని పోగేసి పదకొండు మంది లెక్క సరిచేస్తారు. ఆయన్ని తప్పుపట్టలేం, ఊరంతటికీ ఆయనొక్కరే. గ్రౌండ్‌లో ఓ మూల సభకి పాతిన గుంజల గోతులు, వానొస్తే మోకాలిలోతు ఒండ్రు. ఆ బురదలోనే ఎడమకాలితో బంతిని గోలు మూలకి కొట్టే పిల్ల ఎప్పుడో ఒకతె కనిపిస్తుంది. టెన్త్ అయ్యాక ఆ పిల్లని ఆటస్థలమే లేని కాలేజీ హాస్టల్లో పడేస్తారు. "కాలు విరిగితే రేపు ఎవడు చేసుకుంటాడండీ?" అని తల్లి. "ఆ ఆటలో ఉద్యోగాలున్నాయా?" అని తండ్రి. తండ్రి ప్రశ్నలో న్యాయం ఉంది. జవాబు చెప్పాల్సినవాళ్ళు క్రీడాదినోత్సవం నాడు రిబ్బను కత్తిరించి వెళ్ళిపోతారు.

అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ బ్యాడ్మింటన్ డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయి వస్తే కోనసీమంతా ఫ్లెక్సీలు కట్టాం, కట్టాలి కూడా. కానీ అతని వెనక ఇంట్లోనే వ్యాయామోపాధ్యాయుడైన తండ్రి ఉన్నాడు. అలాంటి తండ్రి లేని పిల్ల సంగతేమిటి?

వచ్చే సంక్రాంతికి బరి వేసే పెద్దలకి ఒక మాట. కనుమ సాయంత్రం లైట్లు విప్పేయకండి, ముక్కనుమ దాకా ఉంచండి. ఈకలు ఊడ్చి, రెండు చివర్లా రెండేసి గుంజలు పాతించండి. రెండు జట్ల అమ్మాయిల్ని మేం తీసుకొస్తాం. ఇరవై ఇద్దరు దొరక్కపోతే ఏడుగురేసి ఆడతారు. పందెం కాయాలని చెయ్యి దురద పెడితే, ఆ డబ్బుతో వాళ్ళకి బూట్లు కొనిపెట్టండి.