అంకె తగ్గినది, గంధకము ఎక్కడికి పోయినది?

మన ప్రయోగశాలలో అందరును చేసిన ప్రయోగమొకటి కలదు. తెల్లకాగితముపై సిరాతో అడ్డగీతల గుర్తు వేసి, దానిపై హైపో ద్రావణమున్న శంకు కుప్పెను ఉంచి, ఆమ్లము పోసి గడియారము చూచుచుందుము. గంధకము విడివడి ద్రావణము పాలవలె మారును, గుర్తు కనుమరుగగును. సెకనులు లెక్కించి, గ్రాఫు గీసి, మార్కులు తీసికొందుము. (గడియారము చూడక పాత రికార్డును చూచి గీయువారి సంగతి ఇక్కడ ఎత్తను.) చర్యా వేగమనునది పరీక్షకు మాత్రమే పనికివచ్చు పాఠమని పలువురి అభిప్రాయము. నేను అంగీకరింపను.

బొగ్గు కాలినప్పుడు అందలి గంధకము సల్ఫర్ డయాక్సైడ్ అగును. మన దక్షిణ తెలంగాణములోనే, దామరచర్ల వద్ద, 800 మెగావాట్ల చొప్పున ఐదు యూనిట్లతో యాదాద్రి థర్మల్ కేంద్రము తలపెట్టబడినది. ఇట్టి కేంద్రముల పొగలో ఈ వాయువునకు కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ 2015 డిసెంబరులో పరిమితి విధించెను. సున్నపురాతి పొడి కలిపిన నీటితో పొగను కడుగు యంత్రములు అందుకు అవసరమయ్యెను. 2025 జూలైలో అదే శాఖ, పెద్ద నగరములకును అతి కలుషిత ప్రాంతములకును దూరముగానున్న కేంద్రములను, పొగగొట్టపు ఎత్తు నిబంధనకు లోబరచి, మినహాయించెను. దేశములో అధిక భాగము ఇట్టివే. గాలిలో ఈ వాయువు ఘనమీటరునకు 80 మైక్రోగ్రాములను రోజువారీ పరిమితికి లోపలనే ఉన్నదనుట చెప్పబడిన కారణములలో ముఖ్యమైనది. యంత్రముల ఖర్చు ఎక్కువ, ఆ భారము కరెంటు బిల్లుపై పడుననుమాట నిజమే. కాని మొదటి కారణము నాకు రుచింపదు.

వాయువు తక్కువగా కనబడుటకు, వెలువడినది త్వరగా మరొకటిగా మారిపోవుటయు కారణము కావచ్చును. పొడిగాలిలో ఆ మార్పు మెల్లగా జరుగును. మేఘములో నీటిబొట్టు దొరికినచో కథ వేరు. వాయువు నీటిలో కరిగి బైసల్ఫైట్ అగును. దానిని ఓజోన్, హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆక్సీకరించును. పుట్టునది గంధకామ్లము, మన ఉర్దూ మాధ్యమపు సోదరులు గంధక్ కా తేజాబ్ అనునది. నీరు పుల్లనైనకొలది ఓజోన్ చర్య మందగించును. తన కాలికి తానే సంకెల వేసికొన్నట్లు. పెరాక్సైడ్ అట్లు కాదు. ఆమ్లత్వము పెరిగిన దాని చర్య వేగము పుంజుకొనును. పుల్లని నీటిలో వాయువు తక్కువ కరిగిన లోటును ఆ వేగమే పూడ్చును. పెరాక్సైడ్ తరిగిపోవువరకు ఆ చర్య ఆగదు.

అప్పుడు వాయువును కొలుచు పరికరము తక్కువ అంకె చూపును. గంధకము మాత్రము సల్ఫేటు రేణువుగా మారి గాలివెంట వందల కిలోమీటర్లు పోయి, ఊపిరితిత్తులలోనో పొలములోనో దిగును. రేణువులకు వేరొక పరిమితి కలదు గాని, అవి ఏ పొగగొట్టమునుండి పుట్టినవో వాటిపై వ్రాసియుండదు. ఇక పొగగొట్టపు ఎత్తందురా, అది వాయువునకు మరింత దూరమును, మరింత వ్యవధిని ఇచ్చుటయే. స్వీడను దేశపు సరస్సులు పుల్లనగుటకు బ్రిటను మొదలగు దేశముల పొగ కారణమని 1960ల చివర స్వాంటె ఓడెన్ చెప్పినది ఈ సంగతియే.

కళాశాల కమిటీవారికి ఒక మనవి. తొలకరి మొదలు ప్రతి వాననీటిని మేడపై శుభ్రమైన పాత్రలో పట్టి పరీక్షించు పనిని రసాయనశాస్త్ర విద్యార్థులకు అప్పగింపుడు. ఆమ్లత్వము కొలిచినంత మాత్రమున చాలదు. మన గాలిలోని సున్నపు దుమ్ము ఆమ్లమును విరిచివేయును, సల్ఫేటును మాత్రము దాచజాలదు. నీటిని కాచి ఇగిర్చి, కొద్దిగా ఆమ్లము కలిపి, బేరియం క్లోరైడు చుక్కలు వేసిన తెల్లని అవక్షేపము కనబడును. ఆ సీసా మన అలమరలో ఇదివరకే ఉన్నది.