72 అంటే ఫెయిలా?

మొన్న మా ఆపా కొడుకు వైరా వచ్చాడు. రాత్రి ఖానా అయ్యాక ల్యాప్‌టాప్ ముందేసుకుని ఒక గేమ్ చూపించి, "ఇది బేకార్ మామూ, రివ్యూల్లో 72 వచ్చింది" అన్నాడు. ఆడి చూశావా బేటా అంటే, లేదన్నాడు.

నవ్వొచ్చింది. తర్వాత కాస్త శరమ్ కూడా వేసింది, ఎందుకంటే ఈ హిసాబు వాడికి నేర్పింది మనమే. పదో తరగతిలో 35 వస్తే పాస్ అని సర్కారు అంటుంది. మన ఇళ్లలో 90కి తగ్గితే అమ్మీ మొహం మాడిపోతుంది, ఖాలా ఫోన్ చేసి పక్కింటి పిల్లకెంత వచ్చిందో వినిపిస్తుంది. అదే తరాజు పట్టుకుని గేముల బజారుకెళ్తే 72 నాలాయక్‌గానే కనిపిస్తుంది. సినిమాల దగ్గర మాత్రం మనకు అకల్ ఉంటుంది. 5కి 2.75 ఇచ్చినా, హీరో మనవాడైతే మార్నింగ్ షోకే పోతాం!

మెటాక్రిటిక్ అనే సైటు పత్రికల రివ్యూలు కలిపి సగటు లాంటి ఒక అంకె తీస్తుంది. 75 నుంచి పచ్చరంగు, 50 నుంచి 74 దాకా పసుపు. పసుపు అంటే కొందరికి నచ్చింది, కొందరికి నచ్చలేదని. స్టీమ్‌లో శాతం ఖిస్సాయే వేరు. అక్కడ మార్కులే లేవు. ఆడినవాడు బొటనవేలు పైకెత్తుతాడు, లేదా దించుతాడు. 95 శాతం అంటే వందలో 95 మంది కొనుక్కోవచ్చన్నారని, గేముకి 95 మార్కులని కాదు. ఈ ఫర్క్ చెబితే మా భాంజా నమ్మలేదు.

ఇక మన పిల్లలు ఇచ్చే రేటింగుల సంగతి. 2020 సెప్టెంబర్‌లో పబ్జీ బంద్ అయింది. దాని జాగాలో వస్తుందని ఎంతో ఇంతెజార్ చేయించిన ఫౌజీ 2021 జనవరి 26న విడుదలైంది. తీరా చూస్తే గల్వాన్ లోయలో ఒంటరిగా కొట్లాడే కథ ఒక్కటే, దోస్తులతో కలిసి ఆడే దారి లేదు. ప్లే స్టోర్‌లో ఒక్క స్టార్లు కురిశాయి. గేమ్ కమ్జోరే, ఆశలు పెంచినవాళ్ల ఖసూర్ కూడా ఉంది. కానీ చాలామంది ఘుస్సా అది పబ్జీ కాదనే. ఇరానీ హోటల్లో బిర్యానీ లేదని చాయ్‌కి సున్నా వేసినట్టు.

మన ఒక్క స్టార్‌తో ఎవరికేం నుక్సాన్ అంటారా? 2010లో ఫాలౌట్ న్యూ వెగాస్ చేసిన అబ్సిడియన్ వాళ్లకు మెటాక్రిటిక్‌లో 85 వస్తే బోనస్ అని షరతు. వచ్చింది 84. బోనస్ రాలేదు. అక్కడ మార్కులు వేసింది పత్రికలవాళ్లే, నిజమే. కానీ అంకె వెనక ఎవరిదో రోజీ ఉంటుందన్నది ఇక్కడా అంతే.

వాడు ఊరెళ్లే ముందు ఆ 72 గేమ్ రివ్యూ ఒకటి పూర్తిగా చదివించాను. ఆట మరీ నిదానంగా నడుస్తుందని మార్కులు తగ్గించారట.

"నాకు నిదానమే పసంద్ మామూ" అన్నాడు.