నర్సు ప్రథమ బాధ్యత ఎవరికి?

“అమ్మా, నాకు వచ్చిన జబ్బేమిటి?” అని రోగి రాత్రివేళ నర్సును అడుగుతాడు. అది కాన్సరని ఆమె ఎరుగును. తండ్రికి చెప్పవద్దని కొడుకులు పగలే ప్రాధేయపడి వెళ్ళినారు. వైద్యుడు తెల్లవారితేగాని రాడు. మన ఆసుపత్రులలో ఇది అరుదైన ఘట్టం కాదు.

కొడుకుల కోరికలో దురుద్దేశం లేదు. నిజం తెలిస్తే తండ్రి ధైర్యం కోల్పోవునని వారి భయం. నర్సు ఏమనవలెను? “చికిత్స జరుగుతున్నదిగా, దిగులెందుకు?” అనవచ్చును. అందులో అసత్యమేమీ లేదు. కాని అశ్వత్థామను గూర్చి ధర్మరాజు పలికిన మాటలోనూ అక్షరాలా అసత్యం లేదు. గురువు మోసపోక తప్పలేదు.

ఈ వృత్తిధర్మం కాలక్రమాన మారినది. అంతర్జాతీయ నర్సుల మండలి 1953లో ఆమోదించిన నియమావళి, వైద్యుని ఆదేశాలను వివేకంతోను, విధేయతతోను నెరవేర్చవలెనన్నది. 1973లో దానిని సవరించినప్పుడు, నర్సు ప్రథమ బాధ్యత ఆమె సేవ అవసరమైనవారికే అని నిర్ణయించినారు.

మన చట్టం కూడ రోగివైపే నడచినది. గౌరవంగా మరణించుట జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2018 మార్చి 9న తీర్పు చెప్పినది. కోలుకొనే ఆశ లేని దశలో తనకే చికిత్స వద్దో మనిషి ముందే వ్రాసియుంచవచ్చునన్నది. 2023 జనవరిలో ఆ పద్ధతిని సులభం చేసినది. అయితే తన జబ్బు పేరే తెలియనివాడు ఏ చికిత్స వద్దని వ్రాయగలడు? ప్రేమతో దాచిన నిజం అతని హక్కును కూడ దాచివేస్తున్నది.

అట్లని నర్సు వెంటనే జబ్బు పేరు చెప్పివేయవలెనని కాదు. రోగనిర్ణయాన్ని వివరించుట ప్రధానంగా వైద్యుని పని. అబద్ధమాడుటకు, అంతా చెప్పివేయుటకు నడుమ మరొక మార్గమున్నది. “మీరేమి తెలుసుకోగోరుతున్నారు?” అని ఆమె అడుగవచ్చును. రోగి కోరిక తెలిసినపుడు దానిని వైద్యునికి చేర్చవచ్చును, ఇంటివారికి నచ్చజెప్పవచ్చును. తెలుసుకొనుట తన కిష్టం లేదని రోగి అంటే ఆ మాటనూ మన్నించవచ్చును.

ఇందుకు తీరిక కావలెను, అండ కావలెను. వార్డునంతటినీ ఒక్క నర్సుకు అప్పగించి, ఆమెనుండి ఓపికను సత్యాన్ని కూడ ఆశించుట న్యాయమనిపించుకోదు. “రోగి అడుగుతున్నాడు” అని ఆమె వచ్చి చెప్పినపుడు విసుగుకొనక వినే వైద్యుడుండవలెను. అట్టి ఏర్పాటు లేని ఆసుపత్రిలో నర్సు అర్ధసత్యం పలికితే, ఆ దోషాన్ని ఆమె ఒక్కతెపైనే మోపరాదు.