తనిఖీ కావాలి, దానికి ముగింపూ కావాలి



వలసలు, విదేశీయుల బిల్లు 2025 మార్చి 27న లోక్‌సభలో పాసయింది. తర్వాత రాజ్యసభలోనూ పాసై చట్టమైంది. అప్పటి నుంచి మన గ్రూపులో ఒకటే మాట: శరణార్థుల్ని గట్టిగా చెక్ చేయాలి, దేశం ధర్మశాల కాదు. ఉగాది మీటింగులో మద్దతు తీర్మానం కూడా పెట్టాలంటున్నారు.

చెక్ చేయొద్దని నేను అనను. 1991లో శ్రీపెరుంబుదూరులో ఏం జరిగిందో చూసినవాణ్ణి. కానీ తనిఖీ అంటే ఎప్పుడో ఒకప్పుడు ముగిసి, అవునో కాదో చెప్పాలి. ఈ చట్టంలో పాస్‌పోర్టు, వీసా లేకుండా వస్తే 5 ఏళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. శరణార్థి అంటే ఎవరు, ఎన్నాళ్లలో తేల్చాలి అన్నది మాత్రం లేదు. ఇల్లు తగలబడుతుంటే పడవెక్కినవాడు వీసా కోసం ఏ కౌంటర్లో నిలబడతాడు?

1983 నుంచి శ్రీలంక తమిళులు మన రాష్ట్రానికి వస్తున్నారు. మండపంలో విచారణ, తర్వాత క్యాంపు, ఆపైన క్యూ బ్రాంచి పోలీసుల నిఘా. ఇప్పటికీ సుమారు 58 వేల మంది క్యాంపుల్లోనే ఉన్నారు. అక్కడే పుట్టి, ఇక్కడి బడుల్లో చదివిన పిల్లలకూ పౌరసత్వం లేదు. 40 ఏళ్లు చూసినా తీరని అనుమానం ఇంకెప్పుడు తీరుతుంది?

రైల్లో టికెట్ లేనివాడికి జరిమానా వేసి రసీదు ఇస్తాం. ఆ రసీదు ఉంటే తర్వాత వచ్చే టీటీఈ మళ్లీ జరిమానా వేయడు. వీళ్లకు ఆ రసీదే లేదు.

"అది తమిళుల గొడవ, మనకెందుకు?" అని ఒక తమ్ముడు రాశాడు. నాయనా, 1960లలో రంగూన్ నుంచి మనవాళ్లు ఎందరో కట్టుబట్టలతో ఓడ దిగారు. వాళ్లు భారతీయులు కదా అంటావు, నిజమే. అందుకే ప్రభుత్వం వాళ్ల సంగతి తేల్చింది, అప్పులిచ్చింది, కాలనీలు కట్టింది. వాళ్లు నిలదొక్కుకున్నారు. మనిషిని నిలబెట్టేది ఆ తేల్చడమే.

తీర్మానం పెట్టండి, నేనూ చెయ్యెత్తుతాను. కానీ అందులో ఒక్క వాక్యం చేర్చండి: విచారణకు గడువు పెట్టాలి, నిలిచినవాడికి కాగితం ఇవ్వాలి. ఆ వాక్యం లేకపోతే నా చెయ్యి లేవదు.