నొప్పి నోరు నొక్కే కుర్చీ



జూదం గురించి మన సంఘాల్లో ప్రసంగం జరిగితే అది డబ్బు దగ్గర మొదలై డబ్బు దగ్గరే ఆగుతుంది. పొలం పోయింది, పుస్తెలు తాకట్టులోకి వెళ్ళాయి, అప్పులవాళ్ళు గుమ్మంలోకి వచ్చారు. అదంతా నిజమే. కానీ ఆ ప్రసంగం విని ఇంటికి వెళ్ళేవాడు మనసులో ఒక మాట అనుకుంటాడు. "నేను పోగొట్టేది నా కష్టార్జితమే కదా. పదివేలు జేబులో పెట్టుకుని వెళ్తాను, అయిపోతే లేచి వస్తాను. సారాలాగా లివరు తినేది కాదు, గుట్కాలాగా దవడ తినేది కాదు. ఒంటికి వచ్చిన నష్టమేముంది?" ఈ మాటను మేము ఒప్పుకోము. క్యాసినో మెషిన్ ముందు కూర్చున్నవాడి పర్సు ఖాళీ కాకముందే వాడి ఒళ్ళు నష్టపోవడం మొదలవుతుంది. ఈ వారం మేము ఆ ఒంటి గురించే రాయదలిచాం.

మనలో చాలామంది ఆ మెషిన్‌ను చూసి ఉండరు. నిలువెత్తు పెట్టె, దానికో తెర, తెర కింద ఒక బటన్. నొక్కితే బొమ్మలు గిర్రున తిరిగి ఆగుతాయి. మళ్ళీ నొక్కాలి. ఎదురుగా ఆడే మనిషి ఉండడు, ముక్కలు పంచేవాడు ఉండడు. అమెరికాలో దాన్ని స్లాట్ మెషిన్ అంటారు. ఆస్ట్రేలియాలో పోకీ అంటారు. మన పిల్లలు చదువులకూ ఉద్యోగాలకూ వెళ్ళిన సిడ్నీ, మెల్‌బోర్న్‌లలో అవి క్యాసినోలోనే కాదు, వీధి చివర పబ్బులోనూ, క్లబ్బులోనూ ఉంటాయి. మన దేశంలో గోవా ప్రభుత్వం 1992లో చట్టం సవరించి ఐదు నక్షత్రాల హోటళ్ళలో వీటికి అనుమతి ఇచ్చింది. తర్వాత మాండవి నదిలో ఓడల మీదికి జూదం బల్లలు కూడా ఎక్కాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో, కేంద్రం 2025లో ఫోనులో డబ్బు పెట్టి ఆడే ఆటల మీద నిషేధం తెచ్చాయి గాని ఆ ఓడలు మాత్రం తేలుతూనే ఉన్నాయి. మన వైపు నుంచి వాటికోసమే గోవా వెళ్ళేవాళ్ళు ఉన్నారని మీకూ తెలుసు, మాకూ తెలుసు. ఫోటోల్లో బీచి పెడతారు, అంతే తేడా.

ఇప్పుడు ఆ మెషిన్ ఎలా మారుతూ వచ్చిందో చూడండి. పూర్వం దానికి పక్కన ఇనుప పిడి ఉండేది. నాణెం వేసి ఆ పిడిని కిందికి లాగాలి. గెలిస్తే గలగలా రాలిన నాణేలు ఏరుకోవాలి. అయిపోతే చిల్లర కోసం లేవాలి. భుజం నొప్పెట్టేది, వేళ్ళు నల్లబడేవి. ఆ చిన్న చిన్న ఇబ్బందులే మనిషికి తెలియకుండా దొరికే విరామాలు. వ్యాపారస్థులు వాటిని ఒక్కొక్కటిగా తీసేశారు. పిడి పోయి బటన్ వచ్చింది. నాణెం పోయి నోటు మింగే నోరు వచ్చింది. గెలిచిన డబ్బు ఒక కాగితం చీటీగా బయటికి వస్తుంది. మందు గ్లాసు కుర్చీ దగ్గరికే నడిచి వస్తుంది. ఇక లేవాల్సిన పనేమిటి? మూడు సెకన్లకు ఒకసారి నొక్కినా గంటకు 1200 సార్లు. అదే వేలు, అదే మణికట్టు. మన పొలంలో నాగలి కట్టిన ఎద్దునైనా ఎండ ఎక్కితే విప్పి నీళ్ళు చూపిస్తాం. ఎద్దుకూ గాడిదకూ విశ్రాంతి దినం ఇమ్మని ధర్మశాస్త్రంలోనే ఉంది.

నటాషా డౌ షుల్ అనే అమెరికా పరిశోధకురాలు లాస్ వేగాస్‌లో ఏళ్ళ తరబడి ఆటగాళ్ళతోనూ, మెషిన్లు తయారుచేసేవాళ్ళతోనూ మాట్లాడి 2012లో ఒక పుస్తకం వెలువరించారు. ఆటగాళ్ళు ఒక స్థితి గురించి చెబుతారు, దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు 'జోన్'. అందులోకి వెళ్ళాక గెలవాలన్న కోరిక కూడా పలచబడుతుంది. ఆట ఆగకుండా ఉంటే చాలు. టైము తెలియదు, ఇల్లు గుర్తుకు రాదు, ఆకలి కాదు, చివరికి తనకో ఒళ్ళుందన్న సంగతే తెలియదు. తయారీదారులు కుర్చీ గురించి ఎంత లోతుగా ఆలోచిస్తారో కూడా ఆమె రాశారు. కుర్చీ అంచు తొడ కింద రక్తనాళాన్ని నొక్కకూడదట, కాలు తిమ్మిరెక్కకూడదట. వినడానికి ఎంత దయగా ఉంది! కాలు తిమ్మిరెక్కితే మనిషి లేస్తాడు. లేస్తే ఆట ఆగుతుంది. ఆ దయ వెనుక లెక్క అదే.

ప్రియులారా, కాలు తిమ్మిరెక్కడం దేవుడు మన ఒంట్లో పెట్టిన కావలివాడి కేక. ఈ సంగతి మన ప్రాంతం వాళ్ళకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రి పేరు వినని ముసలివాళ్ళు మన దగ్గర ఉన్నారా? వేలూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ గారు కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేస్తూ ఒక విషయం కనిపెట్టారు. వ్యాధి వేళ్ళను తినేస్తుందని లోకమంతా అనుకునేది. అసలు జరిగేది వేరు. వ్యాధి నొప్పి తెలియజేసే నరాన్ని చంపుతుంది. ఆ తర్వాత వేడి గిన్నె కాలుస్తుంది, మేకు గుచ్చుకుంటుంది, పుండు పెరుగుతుంది, మనిషికి తెలియదు. తెలియదు గనుక చెయ్యి వెనక్కి తీసుకోడు. నొప్పి మనిషికి వరమని ఆయన జీవితమంతా బోధించారు, 1993లో పుస్తకంగానూ రాశారు.

క్యాసినో మెషిన్ మనిషికి కొన్ని గంటలపాటు ఆ స్పర్శ లేని ఒంటిని ఇస్తుంది. మేము అనేది ఇదే. గాయాలు మాత్రం నిజమైనవే. గంటల తరబడి మోకాళ్ళు మడిచి కదలకుండా కూర్చుంటే పాదాలు నీరు పడతాయి, కాలి నరంలో రక్తం గడ్డ కట్టే ప్రమాదం ఉంది, ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణం పోవచ్చు. తెర మీద చూపు నిలిస్తే రెప్ప వేయడం తగ్గుతుంది, కళ్ళు ఎండి మండుతాయి. మెడ, నడుం, మణికట్టు సంగతి కూలికి వెళ్ళే మన అక్కలను అడగండి, ఒకే కదలిక రోజంతా చేస్తే ఏమవుతుందో వాళ్ళు చెబుతారు. ఒంటేలు ఆపుకుని కూర్చోవడం అలవాటైతే మంట, జ్వరం. ఆడవాళ్ళకు అది ఇంకా త్వరగా వస్తుంది. ఇక షుగరు ఉన్నవాళ్ళు! మాత్ర వేసుకుని అన్నం తినకపోతే షుగరు పడిపోయి చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి. ఆట ఉద్రేకంలో ఉన్నవాడు ఆ వణుకును సంతోషం అనుకుంటాడు. మాత్రే వేసుకోకపోతే ఇంకో రకం ప్రమాదం. బీపీ మాత్ర హోటల్ గదిలో బ్యాగులో ఉంటుంది, మనిషి ఓడ మీద ఉంటాడు.

పొగ సంగతి కూడా చెప్పాలి. అమెరికాలో నెవాడా రాష్ట్రం 2006లో మూసిన గదుల్లో పొగ తాగడం మీద చట్టం చేసింది. క్యాసినో ఆట హాళ్ళను మాత్రం మినహాయించింది. అక్కడ మన తెలుగువాళ్ళు కుటుంబాలతో చూడ్డానికి వెళ్ళి, సిగరెట్టు ముట్టనివాళ్ళు కూడా ఆ పొగలో నడుస్తారు.

ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్ర జూద నియంత్రణ సంఘం 2022 నవంబరులో మెల్‌బోర్న్ క్రౌన్ క్యాసినోకు 12 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా వేసింది. కొందరు 24 గంటలు దాటి విరామం లేకుండా ఆడుతున్నా ఆపలేదన్నది ఒక కారణం. ఇంకో కారణం మమ్మల్ని ఎక్కువ ఆలోచింపజేసింది. ఆటగాళ్ళు బటన్ సందులో చిన్న ప్లాస్టిక్ ముక్క ఇరికిస్తే అది నొక్కి పట్టినట్టే ఉండి ఆట దానంతట అదే సాగుతూ ఉంటుంది. క్యాసినో దాన్ని అడ్డుకోలేదు. చూశారా, చివరికి ఆ ఒక్క వేలు పని కూడా అక్కరలేకుండా పోయింది. మనిషి కూర్చుని చూస్తాడు, మెషిన్ తింటుంది. దీన్ని ఇంకా ఆట అనే పేరుతో ఎందుకు పిలుస్తున్నారో మాకు అర్థం కాదు.

"మేము ఆరోగ్యం పట్టించుకుంటాం, మా దగ్గర గుండె ఆగినవాళ్ళను బతికించే పరికరాలు కూడా ఉన్నాయి" అని ఆ వ్యాపారం చేసేవాళ్ళు చెప్పుకోవచ్చు. ఉన్నాయి, నిజం. అమెరికా క్యాసినోల్లో సెక్యూరిటీ గార్డులకు గుండెకు షాకు ఇచ్చే పరికరం వాడటం నేర్పించారు. దాని ఫలితం 2000లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. అలా గుండె లయ తప్పి పడిపోయిన 105 మందిలో 53 శాతం మంది బతికి ఇంటికి వెళ్ళారు. మూడు నిమిషాల్లోపు షాకు అందినవాళ్ళలో అయితే 74 శాతం. ఆ ప్రాణాల కోసం దేవునికి స్తోత్రం, ఆ గార్డులకు వందనాలు. మన మండలంలో గుండె ఆగితే మూడు నిమిషాల్లో ఎవరు వస్తారు? కానీ అంత త్వరగా ఎలా చేరగలిగారో ఆలోచించండి. హాలు అంతటా కెమెరాలు ఉన్నాయి, మనుషులు కాపలా ఉన్నారు. పడిపోయిన మనిషిని క్షణాల్లో చూడగలిగిన కెమెరా, పొద్దుటి నుంచి నీళ్ళు తాగకుండా కూర్చున్న మనిషిని చూడలేదా? చూసింది. ఆ చూపు మీద ఎవరూ కదలలేదు, ఎందుకంటే అప్పటికి వాడు డబ్బు పెడుతున్నాడు.

షుల్ గారి పుస్తకంలోనే ఇంకో సంగతి ఉంది. క్యాసినోలో ఒక మనిషి కూలిపోయి నేల మీద ఉంటే, ఆయన ఒళ్ళు పక్కవాళ్ళ కుర్చీలకు తగులుతున్నా వాళ్ళు బటన్ నొక్కుతూనే ఉన్నారట. అది చదివి మేము పుస్తకం మూసి కాసేపు ఊరుకున్నాం. యోహాను సువార్త 19వ అధ్యాయం గుర్తుకు వచ్చింది. పైన శ్వాస ఆడని శరీరం వేలాడుతుంటే కింద సైనికులు అంగీ కోసం చీట్లు వేసుకున్నారు. వాళ్ళు రాక్షసులేమీ కాదు. ఆటలో ఉన్నారు, అంతే. తల పైకెత్తలేదు. మన ఇళ్ళల్లో పిల్లవాడికి జ్వరం వచ్చిందని భార్య ఫోను చేస్తే ఎత్తనివాడు కూడా రాక్షసుడు కాదు.

ఇక్కడ ఒకరు అడ్డు చెబుతారు. "అయ్యగారూ, దర్జీ కూర్చోడా? సాఫ్ట్‌వేరు వాళ్ళు పన్నెండు గంటలు కూర్చోరా? లారీ డ్రైవరు?" కూర్చుంటారు, వాళ్ళకూ నడుం నొప్పి ఉంది. కానీ దర్జీకి నడుం నొప్పెడితే తెలుస్తుంది, లేచి టీ తాగి వస్తాడు. డ్రైవరుకు కళ్ళు మూతబడితే ఢాబా దగ్గర బండి ఆపుతాడు, ఆపకుండా నడిపించే యజమానిని మనమే తిడతాం. ఇంకొకరు నవ్వుతూ అడగవచ్చు, మన ఆల్ నైట్ ప్రార్థన మాటేమిటని. మన ఆల్ నైట్ ప్రార్థనలో ఒంటిగంటకు టీ వస్తుంది, చంటిపిల్లల తల్లులు చాప మీద నడుం వాలుస్తారు, వెనుక వరుసలో పెద్దాయన గురక పెడతాడు, ఎవరూ ఏమీ అనరు. ఆ గురక మా వాక్యానికి అడ్డం వచ్చిందని మేము ఎన్నడూ చెప్పలేదు.

ఏలీయా బదరీ చెట్టు కింద పడి చావు కోరుకున్నప్పుడు దేవుడు ముందు ప్రసంగం చేయలేదు. నిద్ర ఇచ్చాడు, వేడి రొట్టె, నీళ్ళు ఇచ్చాడు, మళ్ళీ నిద్ర ఇచ్చాడు. మాట్లాడటం ఆ తర్వాత. కాబట్టి గోవా నుంచి గాని, ఇంకెక్కడినుంచి గాని వచ్చినవాణ్ణి గుమ్మంలో నిలబెట్టి "ఎంత పోగొట్టావు" అని అడగకండి అక్కలారా. ముందు స్నానానికి నీళ్ళు పెట్టండి, అన్నం పెట్టండి, పాదాలు వాచాయేమో చూడండి. పిక్క ఒకవైపే వాచి నొప్పిగా ఉంటే, ఆయాసం వస్తుంటే ప్రార్థన నూనె కోసం ఆగకండి, ఆసుపత్రికి తీసుకెళ్ళండి. లెక్కలు రేపు చూసుకోవచ్చు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ జూద వ్యసనాన్ని జబ్బుల జాబితాలో పెట్టింది. మానాలని ఉండి మానలేకపోతున్నవాళ్ళు డాక్టరు దగ్గరికి వెళ్ళడం అవిశ్వాసం కాదు. ప్రభుత్వం వారి టెలీ మానస్ 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టనక్కరలేదు. మెల్‌బోర్న్, డల్లాస్ నుంచి ఇది చదువుతున్న మా పిల్లలు అక్కడి డాక్టరుకు "నిద్ర పట్టడం లేదు" అని మాత్రమే చెప్పి ఊరుకోకుండా, ఎందుకు పట్టడం లేదో కూడా చెప్పండి.

వచ్చే శుక్రవారం ఉపవాస ప్రార్థన అయ్యాక మన నర్సు చెల్లెలు బీపీ మిషను, షుగరు చూసే మిషను తెస్తుంది. మందిరం వెనుక గదిలో కూర్చుంటుంది, పక్క తలుపు తీసే ఉంటుంది. ఎంత పోయిందని ఎవరూ అడగరు. నిన్న ఎన్ని గంటలు పడుకున్నారు, ఎప్పుడు తిన్నారు అని మాత్రం అడుగుతాం.