ఇరవై తొమ్మిదేళ్ల వాయిదా

1994 మేలో అర్మేనియా, అజర్‌బైజాన్‌ల మధ్య కాల్పుల విరమణ కుదిరేనాటికి నగోర్నో కరబాఖ్‌తో పాటు చుట్టూ ఉన్న ఏడు అజర్‌బైజాన్ జిల్లాలు, పూర్తిగానో కొంతమేరకో, అర్మేనియన్ల అధీనంలో ఉన్నాయి. అక్కడి అజరీలు లక్షల సంఖ్యలో ఇళ్లూవాకిళ్లూ వదిలిపోయారు. అఘ్దం పట్టణంలో మొండిగోడలు మిగిలాయి. ఫ్రాన్స్, రష్యా, అమెరికా పెద్దరికం వహించిన మిన్స్క్ బృందం ఏళ్ల తరబడి చర్చలు నడిపింది. ఏదీ తేల్చలేదు.

ఆ వ్యవధి ఎవరికి కలిసొచ్చిందో చూడాలి. గెలిచినవారు తుపాకులు ఆగిన చోటే సరిహద్దు అనుకుని నిబ్బరంగా ఉన్నారు. ఓడినవారు కాస్పియన్ చమురు డబ్బుతో టర్కీ, ఇజ్రాయెల్ డ్రోన్లు కొన్నారు. 2020లో 44 రోజుల యుద్ధం ఆ గీతను చెరిపేసింది. మళ్లీ విరమణ, ఈసారి రష్యా శాంతిదళాల పహారాలో. 2022 డిసెంబరులో కరబాఖ్‌ను అర్మేనియాతో కలిపే లాచిన్ దారి మూతపడితే ఆ దళాలు తెరిపించలేకపోయాయి. 2023 సెప్టెంబరులో అజర్‌బైజాన్ ఒక్కరోజు దాడితో కథ ముగిసింది. లక్షమందికి పైగా అర్మేనియన్లు చేతికందింది సర్దుకుని కొండదారి పట్టారు. శాంతి ఒప్పందం ముసాయిదాపై వాషింగ్టన్‌లో పొడి సంతకాలు పడింది 2025 ఆగస్టులో. అప్పటికి కరబాఖ్‌లో అర్మేనియన్లు దాదాపు ఎవరూ లేరు.

కాల్పులు ఆగడమే చాలని యుద్ధం నడుమ చిక్కుకున్నవారు అంటారు. వారిని తప్పుపట్టలేం. కానీ ప్రభుత్వాలు కూడా అంతటితో ఊరుకుంటే ప్రమాదం. మన సంగతే చూడండి. 1949 కరాచీ ఒప్పందంలో భారత్, పాకిస్తాన్‌ల నడుమ కాల్పుల విరమణ గీత ఎన్‌జే 9842 అనే పటబిందువు దగ్గరికి వచ్చి, ఆపైన ఉత్తరాన హిమానీనదాల దాకా అని ఆగిపోయింది. ఆ మంచులోకి ఎవరు పోతారులే అనుకున్నారు కాబోలు. 1984 నుంచి సియాచెన్‌లో సైన్యాలు మకాం వేసే ఉన్నాయి. శత్రువు గుండు కన్నా చలీ, మంచుచరియలూ ఎక్కువమందిని బలిగొన్నాయి.

నియంత్రణ రేఖపై కాల్పులు ఆపుతామని ఇరుదేశాలూ 2003లో మాట ఇచ్చుకున్నారు, తప్పారు. 2021లో మళ్లీ ఇచ్చుకున్నారు. 2025 మేలో అదీ చెల్లిపోయింది. ఆ కాల్పుల్లో శ్రీసత్యసాయి జిల్లా తండాకు చెందిన కుర్ర జవానొకడు నేలకొరిగాడు. ఆ నెల 10న తుపాకులు ఆగడానికి ఆధారం ఇరు సైన్యాల కార్యకలాపాల అధిపతుల (డీజీఎంవోల) ఫోను సంభాషణ. అంతకు ముందే సింధు జలాల ఒప్పందాన్ని మనం నిలిపివేశాం. సిమ్లా ఒప్పందాన్ని పక్కనపెట్టే హక్కు తమకుందని పాకిస్తాన్ ప్రకటించింది. ఇక ఆ ఫోను మాట ఎన్నాళ్లు నిలుస్తుందో ఆ రేఖ పక్క ఊళ్లలో బంకర్లు తవ్వుకునేవారిని అడగాలి.