సైరన్ వినబడని వారి సంగతేమిటి?

దేశంలోని 244 సివిల్ డిఫెన్స్ జిల్లాలను దృష్టిలో పెట్టుకుని 2025 మే 7న ‘ఆపరేషన్ అభ్యాస్’ మాక్ డ్రిల్ నిర్వహించారు. ఆ జాబితాలో హైదరాబాద్, విశాఖపట్నంతో పాటు సూరత్ కూడా ఉంది. సైరన్ మోగగానే సురక్షిత చోటుకు చేరడం, దీపాలు ఆర్పడం, అవసరమైతే భవనం ఖాళీ చేయడం అందులో ముఖ్యాంశాలు. కానీ సైరన్ వినలేనివారు, మెట్లు దిగలేనివారు ఏం చేయాలి?

సూరత్ మరమగ్గాల నగరం. తెలంగాణ నుంచి వలస వెళ్లిన నేత కుటుంబాలు అక్కడ ఎన్నో ఉన్నాయి. మగ్గాల షెడ్డులో ధ్వని తరచూ 90 డెసిబెల్స్ దాటుతుంది. ఏళ్ల తరబడి ఆ మోతలో పనిచేస్తే లోపలి చెవిలోని రోమకణాలు దెబ్బతింటాయి. అవి మళ్లీ పుట్టవు. అలా వినికిడి తగ్గిన కార్మికుడికి సైరన్ అందకపోవచ్చు. బదులుగా లైటు మెరిపిద్దామంటే బ్లాకౌట్ నియమం అడ్డొస్తుంది. చీకట్లో సైగల భాషా కనబడదు. ఇక మిగిలేది స్పర్శ. హెచ్చరిక సందేశంతో ఫోన్ కంపించేలా చేయవచ్చు. ఫోన్ దగ్గర లేకపోతే పక్కింటివారే వచ్చి తట్టి లేపాలి.

కరెంటు పోతే లిఫ్టు ఆగుతుంది, ఇంట్లోని ఆక్సిజన్ యంత్రమూ ఆగుతుంది. చక్రాల కుర్చీలో ఉన్నవారిని మెట్ల మీదుగా దింపడానికి బలం ఒక్కటే చాలదు, శిక్షణ కావాలి. ఐక్యరాజ్యసమితి 2013లో పలు దేశాల వికలాంగులను అడిగినప్పుడు, ఆకస్మిక విపత్తులో ఇబ్బంది లేకుండా వెంటనే బయటపడగలమన్నవారు దాదాపు 20 శాతమే.

ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పరుగెత్తే వేళ ఎవరు ఎక్కడున్నారో వెతకడం సాధ్యమా అనే ప్రశ్న న్యాయమైనదే. అందుకే ఆ పని ముందే జరగాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 8వ సెక్షన్ సాయుధ ఘర్షణల్లోనూ వారికి సమాన రక్షణ ఉండాలంటోంది. జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ వారి వివరాలు నమోదు చేసి ఉంచాలని, ప్రమాదం గురించి వారికి తెలిసేలా చర్యలు తీసుకోవాలని కూడా చెబుతోంది.

ఆ జాబితా వార్డు స్థాయి వాలంటీర్లకు అక్కరకు రావాలి. ఒక్కొక్కరికి ఇద్దరు సహాయకులను ముందే కేటాయించాలి. వారి సొంత భాషలో సూచనలు అందాలి. వచ్చే డ్రిల్‌లో వికలాంగులే స్వయంగా పాల్గొని లోపాలు చూపాలి. భవనంలోని చివరి మనిషి కిందికి చేరడానికి ఎంత సమయం పట్టిందన్నదే ఆ డ్రిల్‌కు అసలు కొలమానం కావాలి.